వరణాత్మక కలుపు మందులు

పైరును బతకనిచ్చి, దాని నడుమ మొలిచిన కలుపును మాత్రమే చంపే లేదా ఎదగనీయకుండా చేసే రసాయనాలను వరణాత్మక కలుపు మందులు అంటారు. వరణం అంటే ఎంచుకోవడం. వరిలో ఊదను అణచే బిస్‌పైరిబాక్ సోడియం, మొక్కజొన్నలో వెడల్పాకు కలుపును చంపే అట్రజిన్, మినుములో గడ్డిజాతిని చంపే క్విజలోఫాప్ ఇథైల్, పచ్చిక బయళ్లలో గడ్డిని వదిలి ముళ్లమొక్కలను చంపే 2,4-డి ఈ కోవలోనివి. గ్లైఫోసేట్, పారాక్వాట్ వంటివి తాకిన పచ్చదనాన్నంతా మాడ్చేస్తాయి కాబట్టి వాటిని వరణాత్మకం కాని మందులు అంటారు.

ఎంచుకునే గుణం మందు సీసాలో సిద్ధంగా ఉండదు. పైరుకూ కలుపుకూ ఆకు నిర్మాణంలోనో, జీవక్రియలోనో, మొలిచే వేళలోనో, వేరు దిగిన లోతులోనో ఏదో ఒక తేడా ఉండాలి. మందు ఆ తేడాను ఆసరా చేసుకునే పనిచేస్తుంది. మోతాదు మించినా, అదును తప్పినా, పంట మారినా అదే మందు పైరునూ చంపుతుంది. అందువల్ల ఈ మందుల చరిత్ర, వాడకం, వైఫల్యం అన్నీ ఆ తేడా చుట్టూనే తిరుగుతాయి.

కలుపు వల్ల నష్టం

కలుపు మొక్కలు నీటిని, పోషకాలను, వెలుతురును పైరుతో పోటీపడి లాక్కుంటాయి. చాలా పంటల్లో విత్తిన తర్వాత మొదటి 30 నుంచి 45 రోజులే కీలకం. ఆ గడువులో చేను శుభ్రంగా ఉంటే ఆ తర్వాత పైరే కమ్ముకుని కలుపును అణచివేస్తుంది. ఆ గడువులో వదిలేసిన కలుపును తర్వాత ఎంత శ్రద్ధగా తీసినా పోయిన దిగుబడి తిరిగి రాదు. భారతదేశంలో 18 రాష్ట్రాల సమాచారంతో 2018లో వెలువడిన ఒక అధ్యయనం కలుపు వల్ల వేరుశనగలో సుమారు 36 శాతం, నేరుగా విత్తిన వరిలో 21 శాతం, నాటిన వరిలో 14 శాతం దిగుబడి పోతోందని లెక్కగట్టింది. నాటిన వరికీ విత్తిన వరికీ మధ్య ఉన్న ఈ అంతరం గమనించదగ్గది. నాటిన మడిలో నారు కలుపు కంటే మూడు నాలుగు వారాలు పెద్దది, పైగా నిలిచిన నీరు కలుపు గింజలను మొలవనీయదు. వెదజల్లిన చేలో వరి, ఊద ఒకేసారి మొలుస్తాయి.

తెలుగు నేలపై కలుపు తీత తరతరాలుగా ప్రధానంగా స్త్రీల శ్రమ. నడుము వంచి రోజంతా బురదలో చేసే ఆ పనికి కూలి ఖర్చు పెరగడం, అదునుకు మనుషులు దొరకకపోవడం, వానలు వరసగా పట్టుకుంటే నల్లరేగడిలో గుంటక దిగకపోవడం వంటి కారణాలతో రైతులు మందుల వైపు మళ్లారు. డ్రమ్ సీడర్‌తోనూ, వెదజల్లీ వరి వేసే పద్ధతి విస్తరించడం ఈ అవసరాన్ని ఇంకా పెంచింది. కలుపు మందు మోసుకొచ్చిన తీరికను తూచేటప్పుడు, ఆ తీతపైనే బతికిన కూలి కుటుంబాలు పోగొట్టుకున్న పనిదినాలను కూడా తూకంలో వేయాలి.

చరిత్ర

1896లో ఫ్రాన్స్‌లో ద్రాక్షకు తెగులు రాకుండా చల్లిన బోర్డో మిశ్రమం పక్కనున్న అడవి ఆవ మొక్కలను నల్లబరచడం బోనే అనే రైతు గమనించాడు. ఆ మిశ్రమంలోని మైలుతుత్తం ద్రావణంతో ధాన్యపు చేలల్లో అడవి ఆవను చంపవచ్చని అలా తెలిసింది. మైనపు పూత ఉన్న నిటారు గోధుమ ఆకు మీద నుంచి చుక్క జారిపోతే, గరుకుగా వెడల్పుగా ఉన్న ఆవ ఆకు మీద నిలిచింది. తొలి వరణాత్మకత ఆకు ఆకృతిలోని తేడా నుంచే పుట్టింది.

రెండో దశ మొక్కల హార్మోన్ల పరిశోధనతో మొదలైంది. 1940లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ సంస్థకు చెందిన జెలాట్స్ హిల్ కేంద్రంలో విలియం టెంపుల్‌మన్, ఓట్స్ చేలో వేసిన కృత్రిమ ఆక్సిన్ హార్మోను అడవి ఆవను చంపి ఓట్స్‌ను వదిలేయడం చూశాడు. 1941లో అమెరికాలో రాబర్ట్ పొకోర్నీ 2,4-డి తయారీని ప్రకటించాడు. 1944లో మార్త్, మిచెల్ గడ్డిమైదానంలో గడ్డికి హాని లేకుండా డాండిలైన్ కలుపును 2,4-డితో చంపి చూపారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు గోప్యత తొలగగానే అమెరికాలో 2,4-డి, బ్రిటన్‌లో దానికి దగ్గరి బంధువైన ఎంసీపీఏ మార్కెట్లోకి వచ్చాయి. చౌకగా, తక్కువ మోతాదులో పనిచేసే ఈ మందులు గోధుమ, వరి, మొక్కజొన్న సేద్యాన్ని మార్చేశాయి.

1950ల చివర స్విట్జర్లండ్‌లోని గైగీ సంస్థ అట్రజిన్‌ను, 1960ల తొలినాళ్లలో అమెరికాలోని రోమ్ అండ్ హాస్ సంస్థ వరికి ప్రొపనిల్‌ను తెచ్చాయి. డ్యూపాంట్ శాస్త్రవేత్త జార్జ్ లెవిట్ కనుగొన్న సల్ఫొనైల్ యూరియా మందులతో 1980ల నుంచి ఎకరాకు కిలోల్లో వేసే మోతాదు కొన్ని గ్రాములకు దిగింది.

భారతదేశంలో 1937లో పంజాబ్‌లో సోడియం ఆర్సెనైట్‌తో కలుపుపై తొలి ప్రయత్నం జరిగింది. 1946లో 2,4-డిని పరీక్షించారు. 1978లో అఖిల భారత సమన్వయ కలుపు నివారణ పరిశోధన పథకం ఆరంభమైంది. 1989లో జబల్‌పూర్‌లో ఏర్పడిన జాతీయ కలుపు విజ్ఞాన పరిశోధన కేంద్రమే నేటి కలుపు పరిశోధన డైరెక్టరేట్.

ఎంపిక ఎలా జరుగుతుంది

మందు పైరును వదిలి కలుపును పట్టడానికి నాలుగు రకాల తేడాలు తోడ్పడతాయి.

మొదటిది స్థానం. పెండిమిథాలిన్ నేల పైపొరలో పలుచని పూతలా నిలిచి, మొలకల కణవిభజనను ఆపుతుంది. పైపొరలోనే మొలిచే చిన్న కలుపు గింజలు దానికి చిక్కుతాయి. నాలుగైదు సెంటీమీటర్ల లోతున పడిన పత్తి, వేరుశనగ విత్తనం తప్పించుకుంటుంది. విత్తనం పైపైనే పడినా, చల్లిన వెంటనే కుండపోత వాన కురిసి మందు కిందికి దిగినా ఈ రక్షణ చెదిరిపోతుంది.

రెండోది జీర్ణించుకునే శక్తి. వరి ఆకులోని ఎరైల్ ఎసైలమిడేజ్ అనే ఎంజైము ప్రొపనిల్‌ను విడగొట్టేస్తుంది. ఊదలో అది తగినంత లేదు కాబట్టి ఊద చస్తుంది. కొన్ని ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగు మందులు ఈ ఎంజైమును అడ్డుకుంటాయి. వాటిని ప్రొపనిల్‌తో కలిపి చల్లితే వరి కూడా మాడుతుంది. మొక్కజొన్న గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని అట్రజిన్‌కు తగిలించి దానిని నిర్వీర్యం చేస్తుంది. గోధుమ సైటోక్రోమ్ పి450 ఎంజైములతో ఐసోప్రొట్యురాన్‌ను విరిచేస్తుంది. ఇవన్నీ పైరుకు పుట్టుకతో వచ్చిన శక్తులు. కొన్నిసార్లు ఆ శక్తిని బయటి నుంచి పెంచవచ్చు. వెదజల్లిన వరిలో వాడే ప్రెటిలాక్లోర్‌కు ఫెన్‌క్లోరిమ్ అనే రక్షకాన్ని కలుపుతారు. అది వరి మొలకలో మందును విరిచే ఎంజైములను చురుకుపరుస్తుంది.

మూడోది లక్ష్యంలోని తేడా. క్విజలోఫాప్, ఫెనాక్సాప్రాప్, సైహాలోఫాప్ వంటి మందులు కొవ్వు ఆమ్లాల తయారీకి అవసరమైన ఏసీసీఏజ్ ఎంజైమును పట్టుకుంటాయి. గడ్డిజాతుల హరితరేణువులో ఈ ఎంజైము ఒకే ముక్కగా ఉండి మందుకు లొంగుతుంది. పత్తి, మినుము, వేరుశనగ వంటి వెడల్పాకు మొక్కల్లో అదే పని చేసే ఎంజైము వేరువేరు ముక్కల కూర్పు కావడంతో మందు దానికి అంటుకోదు. వరి కూడా గడ్డిజాతే అయినా సైహాలోఫాప్‌ను త్వరగా హానిలేని రూపంలోకి మార్చుకుని తప్పించుకుంటుంది.

నాలుగోది హార్మోను స్పందన. 2,4-డి మొక్కలోని ఆక్సిన్‌లా నటిస్తుంది. టీఐఆర్1 గ్రాహకం దాన్ని నిజమైన హార్మోనుగానే అందుకుంటుందని 2005లో తేలింది. వెడల్పాకు కలుపులో అదుపు తప్పిన ఎదుగుదల మొదలై, కాడలు మెలికలు తిరిగి, నాళాలు మూసుకుపోయి మొక్క చస్తుంది. గడ్డిజాతుల్లో నాళాల అమరిక వేరు, మందు ప్రయాణం తక్కువ, విరిచేసే వేగం ఎక్కువ. అయితే వాటికీ ఇది అన్ని దశల్లో క్షేమం కాదు. వరిలో మరీ లేత దశలో, అంకురం తొడిగే దశలో చల్లితే నష్టం వస్తుంది.

తెలుగు రాష్ట్రాల పంటల్లో

వరిలో కలుపు మూడు తెగలు: ఊద వంటి గడ్డిజాతి, తుంగజాతి, గుంటగలగర వంటి వెడల్పాకు మొక్కలు. నాటిన మూడు నుంచి ఐదు రోజుల లోపు ప్రెటిలాక్లోర్ లేదా బ్యుటాక్లోర్‌ను 20–25 కిలోల పొడి ఇసుకలో కలిపి, పలుచగా నీరు నిలిపిన మడిలో సమంగా చల్లడం స్థిరపడిన పద్ధతి. 50 శాతం ప్రెటిలాక్లోర్ అయితే ఎకరాకు 500 మిల్లీలీటర్లు వాడతారు. చల్లాక కొన్ని రోజులు నీరు పెట్టడం, తీయడం చేయకూడదు. మడిలో మెరకలు ఉంటే అక్కడ మందు పొర నిలవక కలుపు లేస్తుంది. దమ్ములో చదును చేయడం కూడా కలుపు యాజమాన్యంలో భాగమే. 15–25 రోజుల మధ్య, కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో, నీరు తీసి 10 శాతం బిస్‌పైరిబాక్ సోడియం ఎకరాకు 80–100 మిల్లీలీటర్లు పిచికారీ చేస్తారు. ఆలస్యమై వెడల్పాకు కలుపు మిగిలితే 25–30 రోజులకు 2,4-డి సోడియం లవణం వాడతారు.

మొక్కజొన్నలో విత్తిన ఒకటి రెండు రోజుల్లో తేమ నేలపై అట్రజిన్ చల్లుతారు. తేలిక నేలల్లో తక్కువ మోతాదు సరిపోతుంది. నల్లరేగడిలో బంకమన్ను మందును పట్టి ఉంచుకుంటుంది కాబట్టి ఎక్కువ కావాలి. మొక్కజొన్నలో కందినో పెసరనో అంతర పంటగా వేసినవారు అట్రజిన్ జోలికి పోకూడదు. మొలిచిన కలుపుపై టెంబోట్రయాన్ వాడితే కలుపు ఆకులు తెల్లబడి చస్తాయి. పచ్చదనాన్ని కాపాడే కెరోటినాయిడ్ల తయారీ ఆగిపోవడం ఆ తెలుపుకు కారణం.

పత్తిలో విత్తిన వెంటనే పెండిమిథాలిన్, 20–25 రోజులకు వెడల్పాకు కలుపుకు పైరిథయోబాక్ సోడియం, గడ్డికి క్విజలోఫాప్ ఇథైల్ వాడకంలో ఉన్నాయి. వేరుశనగ, సోయాచిక్కుడులో ఇమాజితాపైర్ రెండు రకాల కలుపునూ అణచుతుంది. దాని అవశేషం నేలలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి తర్వాత వేసే పంటను ముందే ఆలోచించుకోవాలి. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందు మాగాణిలో చల్లే మినుముకు అంతరకృషి కుదరదు. మొలిచాక వాడే వరణాత్మక మందులే అక్కడ ఊదకు, గడ్డికి ప్రధాన ఆధారం. వేర్లు లేకుండా మినుమునే పీల్చి బతికే బంగారు తీగ అక్కడి అసలు పరీక్ష. పైరు ఒంటికి అల్లుకుపోయిన కలుపును విడదీసి చంపడం ఏ మందుకైనా కష్టం కాబట్టి, శుభ్రమైన విత్తనంతోనే దాని నివారణ మొదలవ్వాలి.

పచ్చిక బయళ్లలో

మేత భూముల్లో కాపాడుకోవలసిన పైరు గడ్డి, దానితో కలిసి పెరిగే క్లోవర్, లూసర్న్ వంటి పప్పుజాతి మేతలు. కలుపేమో పశువు ముట్టని ముళ్లమొక్క, లేదా తింటే విషమయ్యే మొక్క. గడ్డి మాత్రమే ఉంటే 2,4-డి, ఎంసీపీఏ చాలు. క్లోవర్ ఉన్నచోట అవి దాన్నీ చంపుతాయి. ఇంగ్లండ్‌లోని వై కళాశాలలో ఆర్. ఎల్. వెయిన్ బృందం ఈ చిక్కు విప్పింది. వారి 2,4-డీబీ స్వతహాగా విషం కాదు. చాలా కలుపు మొక్కలు తమ ఎంజైములతోనే దాన్ని విరిచి 2,4-డిగా మార్చుకుని చస్తాయి. ఆ మార్పిడి మందకొడిగా జరిగే క్లోవర్, లూసర్న్ బతికిపోతాయి. వరణాత్మకతకు ఇంతకంటే అందమైన ఉదాహరణ అరుదు.

ఆస్ట్రేలియాలో తక్కువ మోతాదు హార్మోను మందు చల్లి, కొద్ది రోజుల తర్వాత గొర్రెల మందను గుంపుగా తోలే పద్ధతి ఉంది. మందుకు వడలిన వెడల్పాకు కలుపు గొర్రెలకు రుచిస్తుంది. సగం పని మందు, సగం పని మంద చేస్తాయి. ఇదే రుచి రాగ్‌వర్ట్ వంటి విషపు మొక్కల దగ్గర ప్రాణాంతకమవుతుంది. మామూలుగా పశువు వదిలేసే ఆ మొక్కను మందు కొట్టాక ఇష్టంగా తింటుంది. అందుకే చల్లిన బీట్లోకి లేబుల్‌పై చెప్పిన గడువు దాకా, విషపు కలుపు పూర్తిగా ఎండిపోయే దాకా పశువులను వదలకూడదు.

అమినోపైరలిడ్ వంటి మందులు పశువు కడుపులోంచి మారకుండా పేడలోకి చేరతాయి. 2008లో బ్రిటన్‌లో అలాంటి ఎరువు వేసిన పెరటి తోటల్లో టమాటా, చిక్కుడు, బంగాళాదుంప మొక్కలు వంకర్లు తిరగడంతో దాని అమ్మకాన్ని కొంతకాలం నిలిపివేశారు.

మన బంజర్లలో, బీళ్లలో ప్రధాన శత్రువు వయ్యారిభామ. 1950ల మధ్యలో పుణెలో కనిపించిన ఈ అమెరికా ఖండపు మొక్క దేశమంతా పాకింది. చర్మానికి దురద, ఊపిరికి ఉబ్బసం తెచ్చే ఈ మొక్కను పశువులు తింటే పాలకు చేదు వస్తుంది. గడ్డి ఉన్నచోట 2,4-డితో, మెట్రిబుజిన్‌తో పూతకు ముందే దీన్ని అణచవచ్చు. 1984లో బెంగళూరులో విడుదలైన మెక్సికన్ పెంకు పురుగు దీని ఆకు తిని తోడ్పడుతోంది. పురుగు తిరిగే చోట మందును పక్కన పెట్టడం మేలు.

పిచికారీలో జాగ్రత్తలు

కలుపు మందుకు వేరే పంపు ఉండాలి. పురుగు మందుల పంపులో మిగిలిన 2,4-డి చుక్కలు పత్తి చేనును పాడుచేసిన సందర్భాలు రైతులందరికీ తెలిసినవే. పత్తి ఈ మందుకు ఎంత సున్నితమంటే, పక్క పొలం నుంచి గాలికి కొట్టుకొచ్చిన తుంపరకే ఆకులు సన్నగా సాగి, బెండ ఆకుల్లా చీలిపోతాయి. మిరప, టమాటా, ద్రాక్ష కూడా ఇలాగే దెబ్బతింటాయి. గాలి లేని పూట, పంకా ఆకారంలో చిమ్మే నాజిల్‌తో, ఎకరాకు సుమారు 200 లీటర్ల నీటితో, తడిసిన చోట తొక్కకుండా వెనక్కు నడుస్తూ చల్లాలి. మొలకెత్తక ముందు వాడే మందుకు నేలలో తేమ తప్పనిసరి. మొలిచాక వాడే మందుకు కలుపు చురుగ్గా పెరుగుతూ ఉండాలి. బెట్టకు వడలిన కలుపు, మందును సరిగా పీల్చుకోదు.

ఆరోగ్యం, పర్యావరణం, చట్టం

కలుపు మందులు కూడా 1968 నాటి కీటకనాశినుల చట్టం కిందికే వస్తాయి. కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ ఏ మందును ఏ పంటకు ఆమోదించిందో లేబుల్ చెబుతుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషతీవ్రతను వరసగా తగ్గుతూ సూచిస్తాయి. ఆకుపచ్చ ఉన్నా చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ, నిండు చేతుల చొక్కా లేకుండా చల్లకూడదు. జంతువుల్లో లేని ఎంజైములను పట్టే మందులు మనిషికి తక్షణ విషం కాకపోవచ్చు. అంతమాత్రాన నిరపాయమని కాదు. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2,4-డిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో, పరిమిత ఆధారాల వర్గంలో చేర్చింది. భూగర్భ జలాల్లో చేరుతోందని యూరోపియన్ యూనియన్ అట్రజిన్‌కు 2004లో అనుమతి నిరాకరించింది. వియత్నాం యుద్ధంలో అమెరికా సేన అడవులపై గుమ్మరించిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం 2,4-డి, సగం 2,4,5-టి. రెండోదానిలో కల్తీగా ఉన్న డయాక్సిన్ తరాల పాటు బాధ మిగిల్చింది. చేను కోసం పుట్టిన మందు మనుషుల మీద ఆయుధమైన ఆ ఉదంతాన్ని ఈ చరిత్ర నుంచి వేరుచేయలేం.

నిరోధకత

ఒకే మందు ఏటా వాడితే, కోట్లలో ఒకటిగా ఉన్న తట్టుకునే మొక్క మిగిలి, విత్తనం రాల్చి, చేనంతా నిండుతుంది. 1968లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక నర్సరీలో ట్రయజిన్ మందులకు లొంగని గ్రౌండ్‌సెల్ మొక్క బయటపడింది. ఇప్పుడు ప్రపంచంలో 260కి పైగా జాతుల్లో ఏదో ఒక మందుకు నిరోధకత నమోదైంది. పంజాబ్, హర్యానా గోధుమ చేలల్లో గుల్లీ దండా అనే గడ్డి ఏళ్ల తరబడి వాడిన ఐసోప్రొట్యురాన్‌కు 1990ల తొలినాళ్లలో ఎదురు తిరిగింది. 1990ల చివర తెచ్చిన కొత్త మందులను కూడా క్రమంగా తట్టుకుంది.

ఇందులో లోతైన పాఠం ఉంది. గుల్లీ దండా ఐసోప్రొట్యురాన్‌ను విరిచేది గోధుమ విరిచే దారిలోనే. అమెరికాలోని ఆర్కన్సాస్ వరి చేలల్లో ప్రొపనిల్‌కు లొంగని ఊదలో కనిపించింది వరిలోని ఎంజైము చురుకుదనమే. పైరుకూ కలుపుకూ మధ్య మందు ఆధారపడ్డ తేడాను కలుపే చెరిపేసుకుంది.

మందును తట్టుకునే రకాలను తయారుచేయడం మరో దారి. ఇమాజితాపైర్‌ను తట్టుకునే పూసా బాస్మతి 1979, 1985 రకాలను భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 2021లో విడుదల చేసింది. ఇవి నాగినా 22 వరిలో ఉత్పరివర్తనతో వచ్చిన గుణం నుంచి పుట్టినవి, జన్యుమార్పిడి చేసినవి కావు. అమెరికాలో ఇటువంటి వరి వచ్చిన కొన్నేళ్లకే ఆ గుణం పరాగం ద్వారా కలుపు వరికి చేరింది. కలుపు, పైరు ఒకే జాతి అయినప్పుడు వాటి మధ్య గోడ ఎక్కువకాలం నిలవదు.

సమగ్ర యాజమాన్యం

వేర్వేరు విధాలుగా పనిచేసే మందులను ఏటా మార్చడం, పంట మార్పిడి, వేసవి దుక్కి, శుభ్రమైన విత్తనం, దమ్ము చేసి మొలిచిన కలుపును తొక్కించడం, సాళ్ల మధ్య గుంటక, వరిలో కోనో వీడర్, చివరగా మిగిలిన మొక్కను విత్తనం రాలకముందే చేత్తో పీకడం కలిస్తేనే మందు పదికాలాలు పనిచేస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియా రైతు రే హారింగ్టన్ కోత యంత్రం వెనుక నుంచి పడే కలుపు గింజలను నుగ్గుచేసే యంత్రాన్ని రూపొందించింది ఈ ఆలోచనతోనే. ఆచార్య ఎన్.జి. రంగా, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగాల్లో పంటవారీ మందులు, మోతాదులు, వేళలు దొరుకుతాయి.

చేత్తో కలుపు తీసిన వేల ఏళ్లలో కొన్ని రకాల ఊద వరి పోలికను తెచ్చుకుంది. కలుపు తీసే స్త్రీ ఆకు ఒరను కలిసే చోట చూస్తుంది: వరికి అక్కడ సన్నని పొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఆ చిన్న తేడాతో ఆమె చేయి ఎంచుకునేది. మందుల కాలంలో ఊద రూపానికి తోడు వరి జీవక్రియను కూడా తెచ్చుకుంటోంది. కొత్త మందుల రాక అరుదైన ఈ రోజుల్లో, ఉన్న మందుల ఎంపిక గుణాన్ని కాపాడేది ఆ ఒర దగ్గర చూసే కన్నే. పిచికారీ తర్వాత చేలో తిరిగి, మిగిలిన ప్రతి ఊద దుబ్బునూ పీకి గట్టుకు వేసే రైతు రేపటి పంటకు మందును దాచిపెట్టినట్టే.